క్లచ్ మీద ఉందనుకున్న కాలు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే రాసేస్తాను. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి బయట ఒక కొత్త కారుకు పూజ అయింది. డ్రైవింగ్ సీట్లో నేనున్నాను. నా ఎడమ కాలు క్లచ్ మీద నుంచి జారిపోయింది. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది. టైరు కింద నిమ్మకాయ సర్దుతున్న మనిషి కుడి మణికట్టు విరిగింది. అంతవరకు అది ప్రమాదం. తప్పు ఆ తర్వాత నిమిషంలో జరిగింది. నా కాళ్లు మొద్దుబారి అప్పటికి నెల దాటిందని నాకు తెలుసు. తెలిసి కూడా, చుట్టూ మూగినవాళ్లతో, "మ్యాట్ జారిందండీ. ఇలాంటి మెత్తటి మ్యాట్లు డ్రైవర్ వైపు వెయ్యకూడదు" అన్నాను.

ఆ మ్యాట్ కొన్నది, చెయ్యి విరిగిన మనిషి భార్య.

నా పేరు మూర్తి, వయసు యాభై మూడు. పుట్టింది తెనాలి దగ్గర. పాతికేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. కార్లంటే నాకు పిచ్చి. ఎనిమిది వందల సీసీ ఇంజిన్ ఉన్న నా పాత తెల్ల కారుకు కార్బురేటర్ నేనే విప్పి నేనే శుభ్రం చేసుకుంటాను. సెల్లార్‌లో ఎవరు కారు స్టార్ట్ చేసినా, మూడో అంతస్తులో కూర్చుని అది ఎవరిదో, దానికేం జబ్బో చెప్పగలను. అందువల్ల మా వీధిలో ఒక అలవాటు ఏర్పడింది. ఇంట్లో మొట్టమొదటి కారు కొన్నవాళ్లలో చాలామందికి నడపడం రాదు. షోరూమ్ నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి తెచ్చిపెట్టమని నన్ను పిలుస్తారు. పూజ అయ్యాక నిమ్మకాయలు తొక్కించే పని కూడా నాదే. "మూర్తి సార్ చెయ్యి మంచిది" అంటారు. ఆ మాట వినడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, నా కాళ్ల సంగతి తెలిస్తే ఇంకెవరూ ఆ మాట అనరని భయపడ్డాను.

కాళ్ల సంగతి మొదట కనిపెట్టింది మా క్లాసు పిల్లలు. ఒకరోజు క్లాసు అయ్యాక మెట్లు దిగి కిందికి వచ్చాను. పైనుంచి ఒకమ్మాయి, "సార్, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది" అని పిలిచింది. ఎడమ కాలికి చెప్పు లేకుండా ఇరవై మెట్లు దిగాను. కింద చల్లటి బండ తగులుతున్నట్టు కూడా తెలియలేదు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే ఒళ్లు పక్కకు తూలేది. గోడ పట్టుకుని కడుక్కునేవాణ్ని. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆవిడ పద్మకు చెప్పలేదు. చెబితే మొదట లాక్కునేది కారు తాళాలే.

యాదగిరిది నల్లగొండ వైపు. మా వీధి చివర టైలర్ షాపు. కత్తిరింపు తను చేస్తాడు, కుట్టుపని భార్య సుగుణ చేస్తుంది. పదిహేనేళ్లు ఆ షట్టర్‌లో కూర్చుని కొనుక్కున్న మొదటి కారు అది. ఆ మంగళవారం యాదగిరి తల్లి నర్సమ్మ, మీర్‌పేట్ నుంచి చుట్టాలు, అందరూ గుడి దగ్గర చేరారు. నేను సీట్లో కూర్చోగానే సుగుణ కిటికీ దగ్గరికి వచ్చింది.

"సార్, కాళ్ల కింద చూసిన్రా? దిల్‌సుఖ్‌నగర్ల మొత్తం తిరిగి తెచ్చిన. ఎట్లున్నది?"

మెరూన్ రంగు మ్యాట్. "చాలా బాగుందమ్మా" అన్నాను. నిజంగానే బాగుంది. అడుగున రబ్బరు పట్టు ఉంది. జారే రకం కాదు. అది నేను చూశాను.

పూజారిగారు బానెట్ మీద స్వస్తిక్ వేసి, హారతి ఇచ్చి, నాలుగు నిమ్మకాయలు యాదగిరి చేతిలో పెట్టారు. మూడు కుదురుగా కూర్చున్నాయి. నా వైపు ముందు టైరు కింద పెట్టింది దొర్లిపోయింది.

"సార్, జర ఆగుండ్రి. గిది నిలుస్తలేదు."

"పెట్టు యాదగిరీ. నేను క్లచ్ మీదే ఉన్నాను."

ఇంజిన్ ఆన్‌లో ఉంది. ఫస్ట్ గేర్ వేసి ఉంది. టైరు దగ్గర మనిషి ఉంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలని ఎంతమందికి పాఠాలు చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నేనే వెయ్యలేదు. క్లచ్ అదిమి పట్టే ఉన్నానని నా మనసు చెబుతోంది. కారు దూకి, దగ్గి, ఆగిపోయింది. కిందికి చూస్తే నా పాదం పెడల్ పక్కన, ఆ మ్యాట్ మీద, ఇంకెవరిదో పాదంలా పడి ఉంది.

అప్పుడన్నాను ఆ మాట. కార్ల విషయంలో నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ లేరు. యాదగిరి చెయ్యి గుండెకు అదుముకుని, మొహమంతా చెమటలతో, "సార్‌ని ఏమనకుండ్రి. సార్ తప్పేమున్నది" అన్నాడు. నర్సమ్మ నా వైపు చూడనే లేదు. కోడలి వైపు చూసింది.

"ముచ్చటవడి తెచ్చినవ్ గద. చూస్కో ఇగ."

సుగుణ వంగి, నా కాళ్ల కింద నుంచి ఆ మ్యాట్ బయటికి లాగి, గోడ పక్కన పడేసింది. నేను కాళ్లు ఎత్తి ఆమెకు దారి ఇచ్చాను. అంతే చేశాను.

యాదగిరికి ఆరు వారాలు కట్టు అన్నారు. కత్తెర పట్టే చెయ్యి అది.

నాలుగు రోజులు స్టీరింగ్ ముట్టుకోలేదు. ఐదో రోజు పద్మతో, "కాళ్లు కాస్త తిమ్మిరిగా ఉంటున్నాయి" అని సగం చెప్పాను. ఇద్దరం ఎల్బీ నగర్‌లో ఒక న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. నలభై ఏళ్లు దాటని డాక్టరమ్మ. సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశారు. అరికాలి మీద తాళంచెవితో గీత గీశారు. తర్వాత నన్ను పడుకోబెట్టి ఎడమ కాలి బొటనవేలు పక్కల నుంచి పట్టుకున్నారు.

"కళ్లు మూసుకోండి. నేను వేలు కదుపుతాను. పైకో కిందికో చెప్పండి."

ఇంతకంటే సులువైన పరీక్ష ఉంటుందా అనుకున్నాను. పైకి, కిందికి, కిందికి, పైకి అంటూ టకటకా చెప్పాను. కళ్లు తెరిచి చూస్తే పద్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"సగం తప్పు చెప్పారు" అన్నారు డాక్టరమ్మ.

"ఏవండీ," అంది పద్మ, "మీ వేలు కదండీ అది."

ఆ మాట నా మీద పిడుగులా పడలేదు. వింతగా తోచింది, అంతే. యాభై మూడేళ్లు నా వెంట నడిచిన వేలు. అది పైకి ఉందో కిందికి ఉందో నా భార్యకు తెలుస్తోంది, డాక్టరుకు తెలుస్తోంది, నాకు తెలియడం లేదు. అసలు అంతకుముందు ఎలా తెలిసేది? ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు.

"దీన్ని పొజిషన్ సెన్స్ అంటాం. మీకు తగ్గింది" అన్నారావిడ. "డ్రైవ్ చేస్తారా?"

నేను నోరు తెరిచేలోపు పద్మే చెప్పింది. "మొన్న చిన్న యాక్సిడెంట్ కూడా అయింది డాక్టర్‌గారూ. మ్యాట్ జారి."

"మ్యాట్ జారిందా?" అని డాక్టరమ్మ నన్నే అడిగారు.

నేను బల్ల మీదున్న సుత్తిని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ చీటీ మీద ఎమ్మారై రాసి, కింద 'నో డ్రైవింగ్' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

జబ్బు పేరు సర్వైకల్ మైలోపతి. మెడలో సీ ఫైవ్, సీ సిక్స్ ఎముకల మధ్య ఉండే డిస్క్ వెనక్కి జరిగి స్పైనల్ కార్డ్‌ను, అంటే వెన్నుపామును, నొక్కుతోంది. మూలం మెడలో ఉన్నా, మెడ నొప్పి లేకపోవడం వల్ల నేను అటు చూడనే లేదు. ఆపరేషన్ చేసే స్పైన్ సర్జన్ పెద్దాయన, నెమ్మదస్తుడు. కంప్యూటర్ మీద ఫిలిం పెట్టి చూపించారు. తెల్లటి నీటి మధ్య బూడిద రంగు తాడు దిగివస్తూ, ఒకచోట నులిమినట్టు సన్నబడింది.

"ఇది మీ చిటికెన వేలంత లావు ఉంటుంది మాస్టారూ. కాలి వేలి దగ్గర నుంచి మెదడు దాకా వెళ్లే వార్తలన్నీ ఇందులోంచే పోవాలి. పైనుంచి వచ్చే ఆర్డర్లూ ఇందులోంచే. ఈ సందులో ట్రాఫిక్ ఆగింది."

"ఆపరేషన్ చేస్తే మళ్లీ వస్తుందాండీ?"

"నేను కార్డ్‌ను బాగు చెయ్యను. అది ఎవరి వల్లా కాదు. దాని మీద కూర్చున్నదాన్ని తీసేస్తాను. మిగిలిన పని అది చేసుకోవాలి. చేసుకుంటే అదృష్టం. చేసుకోకపోయినా ఇంతకంటే పాడవకుండా ఆగుతుంది."

"డ్రైవింగ్..."

"ముందు నడుద్దాం" అన్నారు.

చిటికెన వేలంత. ఇంటికి వస్తూ ఆటోలో నా వేలు నేను చూసుకుంటూ కూర్చున్నాను. నేను నడిపిన ప్రతి కిలోమీటరూ, ప్రతి బ్రేకూ, ప్రతి గేరూ ఆ లావు తాడు లోంచే వెళ్లాయి. ఇంజిన్ గురించి గంటలు గంటలు మాట్లాడగలిగినవాణ్ని. దీని గురించి ఒక్క ముక్క తెలియదు.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం యాదగిరి, సుగుణ నన్ను చూడటానికి ఆసుపత్రికి వచ్చారు. యాదగిరి చేతికి కట్టు, మెడలో జోలె. నన్ను చూసి నవ్వాడు. "ఇద్దరం ఒక్కతీరుగైనం సార్. నాకు చెయ్యి, మీకు మెడ." సుగుణ తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కాసేపటికి అక్కడి నుంచే అడిగింది.

"సార్, గా రోజు కారు ఎగిరినప్పుడు జర్కు తాకే మీ మెడ గిట్లయిందా? నా మ్యాట్ గింత పని చేసిందా?"

"లేదమ్మా, అది కాదు" అన్నాను.

"మరేంది సార్?"

సరిగ్గా అప్పుడు నర్సు బీపీ చూడటానికి వచ్చింది. నర్సు అడ్డం వచ్చిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నర్సు రాకపోయినా నేను చెప్పేవాణ్ని కాదు.

ఆపరేషన్ పేరు ఏసీడీఎఫ్. మెడ ముందు వైపు నుంచి, అన్నవాహికనూ గాలి గొట్టాన్నీ పక్కకు జరిపి లోపలికి వెళ్లి, ఆ డిస్క్ తీసేసి, దాని స్థానంలో చిన్న పంజరం లాంటిది, ప్లేటు పెట్టి బిగిస్తారు. మెలకువ వచ్చేసరికి మెడకు కాలర్ ఉంది. గొంతు రాయిలా ఉంది. మంచినీళ్లు గుటక పడటం లేదు. మాట్లాడితే ఎవరో గుసగుసలాడినట్టు వస్తోంది. క్లాసు చెప్పి బతికేవాణ్ని కదా, గొంతు పోయిందేమోనని బెదిరిపోయాను. "వాపు. తగ్గుతుంది" అన్నారు డ్యూటీ డాక్టర్. తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

రెండో రోజు పొద్దున జరిగిన సంగతి ఇక్కడ రాయాలి. మంచం మీద వెల్లకిలా ఉన్నాను. కాలర్ వల్ల తల వంచలేను, కాళ్లు కనిపించవు. ఎడమ మడమ కింద ఏదో గట్టిగా ఒత్తుతోంది. పద్మను పిలిచి, "కాలి కింద ఏముందో చూడు" అన్నాను. దుప్పటి ఎత్తి చూసింది.

"ఏం లేదండీ. బెడ్‌షీట్ మడత పడింది."

ఆమె సర్దబోతే వద్దన్నాను. ఆ మడతను అలాగే ఉంచమన్నాను. రెండు నెలలుగా నా కాలి కింద చెప్పు ఉందో లేదో తెలియని నాకు, చూడకుండానే, ఒక గుడ్డ మడత తెలుస్తోంది. ఆ చిన్న వార్త మడమ నుంచి బయలుదేరి, నిన్నటిదాకా మూసుకుపోయిన ఆ సందు దాటి, నాకు చేరింది. ఎంతసేపు పడుకున్నానో, ఒకటే మడత, దాన్నే వింటూ పడుకున్నాను.

ఇంటికి వచ్చాక ఇంకో చిక్కు. కాలర్ ఉంటే తల మీద నుంచి బనియన్ వెయ్యలేం. వేళ్లు ఇంకా గుండీలు పట్టలేవు. మూడో రోజు సుగుణ ఒక సంచీ తెచ్చి పద్మకు ఇచ్చింది. అందులో రెండు చొక్కాలు. మెడ దగ్గర వెడల్పుగా తీసి, గుండీల స్థానంలో నొక్కితే అతుక్కునే పట్టీలు కుట్టింది. "ఆయన చెప్తుంటే నేనే కత్తిరించిన అక్కా. జర వంకర వొయ్యింది, ఏమనుకోకుండ్రి" అందట. నేను లోపలి గదిలో నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఆ చొక్కాలు మూడు నెలలు రోజు మార్చి రోజు తొడుక్కున్నాను.

ఫిజియోథెరపీ కోసం వారానికి మూడు రోజులు ఎల్బీ నగర్ వెళ్లేవాణ్ని. కుర్చీ వెనక నిలబడి కళ్లు మూసుకోవడం, గిన్నెలో బియ్యం పోసి అందులోంచి చిల్లర నాణేలు వేళ్లతో వెతకడం, గీత మీద నడవడం. ఇంట్లో పరీక్షాధికారి పద్మ. రోజూ కాఫీ అయ్యాక నన్ను సోఫాలో కూర్చోబెట్టి వేలు పట్టుకునేది. పదిసార్లు. ఎన్ని సరిగ్గా చెబితే క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో అన్ని మార్కులు. మొదట్లో ఐదు, ఆరు. "పాతికేళ్లు పిల్లలకు మార్కులేశారు. మీరే ఫెయిలవుతున్నారు చూడండి" అనేది. ఎనిమిది వచ్చిన రోజున ఉప్మాలో జీడిపప్పు వేసింది.

ఎనిమిది రాగానే నాకు పొగరొచ్చింది. ఆపరేషన్ అయి మూడు నెలలు కాలేదు. పద్మ కూరగాయలకు వెళ్లినప్పుడు తాళాలు తీసుకుని సెల్లార్‌లోకి దిగి, నా తెల్ల కారులో కూర్చున్నాను. కదిలించను, ఊరికే క్లచ్ తొక్కి చూస్తాననుకున్నాను. పాదం పెడల్ మీద పెట్టి సగం దాకా అదిమాను. అంతే, కాలు దానంతట అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఆపుదామన్నా ఆగదు. టకటకటకమని కుట్టు మిషన్ నడుస్తున్నట్టు. చేత్తో మోకాలు పట్టుకుని బలవంతాన కిందికి దించాను. పద్మ తిరిగి వచ్చేసరికి నేనింకా ఆ సీట్లోనే ఉన్నాను. తలుపు తీసి, చెయ్యి చాపి, తాళాలు తీసుకుంది. లిఫ్ట్‌లో నా భుజం పట్టుకుంది.

"అది క్లోనస్" అన్నారు సర్జన్. "కార్డ్ ఇంకా కోలుకుంటోంది మాస్టారూ. మీరు తొందరపెడితే అది తొందరపడదు."

తాళాలు పోయాక మెట్రోలో, సిటీ బస్సులో తిరగడం అలవాటైంది. బస్సులో డ్రైవర్ వెనక సీటు దొరికితే, రోడ్డు చూడటం మానేసి ఆయన కాళ్లు చూసేవాణ్ని. అరిగిపోయిన చెప్పులు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఆ రద్దీలో ఆ కాళ్లు ఎన్నిసార్లు పెడల్ మారాయో. ఆయన ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. కండక్టర్‌తో కబుర్లు చెబుతున్నాడు, అద్దంలో చూస్తున్నాడు, హారన్ కొడుతున్నాడు. కాళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. బస్సు నిండా అరవై మంది ఆ రెండు పాదాల మీద నమ్మకం పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ముప్ఫై ఏళ్లు నేనూ అలా నడిపినవాణ్నే. అయినా అంత వింతను నేను మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూశాను.

ఆరో నెలలో వరసగా పది రోజులు పదికి పది వచ్చాయి. న్యూరాలజిస్ట్ మళ్లీ అన్ని పరీక్షలూ చేశారు. మెడ రెండు వైపులా ఎంత తిరుగుతుందో కొలిచారు. కళ్లు మూసుకుని నిలబెట్టారు. తర్వాత కలం తీసి చీటీ మీద రాస్తూ చెప్పారు. "ఖాళీ గ్రౌండ్‌లో, పక్కన ఒకరు ఉండగా, పదిహేను నిమిషాలు. అది బాగుంటే వీధిలో. తర్వాతే మెయిన్ రోడ్డు. ఏమాత్రం తేడా అనిపించినా ఆపి నాకు ఫోన్ చెయ్యాలి."

మీర్‌పేట్ దాటాక ఒక వెంచర్‌లో రోడ్లు వేసి వదిలేసిన ప్లాట్లు ఉన్నాయి. కారు అక్కడిదాకా మా తోడల్లుడు తెచ్చి ఇచ్చి, చెట్టు కింద నిలబడ్డాడు. పద్మ పక్క సీట్లో కూర్చుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాను. క్లచ్ పూర్తిగా తొక్కి, ఫస్ట్ గేర్ వేసి, మెల్లగా వదలడం మొదలుపెట్టాను.

కారు నడిపేవాళ్లకు తెలుసు. క్లచ్ వదులుతుంటే ఒకచోట ఇంజిన్ చక్రాన్ని పట్టుకుంటుంది. వెంట్రుకవాసి చోటు. కారు ఒళ్లు కొద్దిగా వణుకుతుంది, శబ్దం బరువెక్కుతుంది. ఆ చోటును కన్ను చూడలేదు. కాలికే తెలియాలి. అది వచ్చింది. నా ఎడమ పాదం ఆ చోటు దగ్గర, నేనేం చెప్పకుండానే, ఆగింది. ఎవరో దాన్ని మెల్లగా పట్టుకుని ఆపినట్టుగా. కారు కదిలింది.

రెండు వీధులు తిరిగాను. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పద్మ సంతోషం అనుకుంది. సంతోషమే. కానీ కాలికి తెలియడం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆ మంగళవారం తెలియకపోవడం కూడా అంతే స్పష్టంగా గుర్తొచ్చింది. బండి పక్కకు ఆపి, గేరు న్యూట్రల్‌లో వేసి, ఇంజిన్ ఆపి, పద్మకు మొత్తం చెప్పాను. చెప్పు వదిలేసి మెట్లు దిగిన రోజు దగ్గర నుంచి.

ఆమె సీటుబెల్టు విప్పి నా వైపు తిరిగింది.

"మూడు నెలలు ఆ పిల్ల కుట్టిన చొక్కాలు తొడుక్కున్నారు" అంది. "వాళ్లత్త వీధిలో అందరి ముందూ దాన్ని మ్యాట్ కోడలు అంటుంది. మీకు తెలుసా?"

నాకు తెలుసు. కిటికీలోంచి విన్నాను.

ఇంటికి కూడా వెళ్లకుండా, తోడల్లుడు నడపగా, అక్కడి నుంచి నేరుగా షాపుకే వెళ్లాం. యాదగిరి చెయ్యి అతుక్కుంది. పల్చటి గుడ్డ కత్తిరిస్తాడు. ప్యాంటు గుడ్డ మందంగా ఉంటే మణికట్టు లాగుతుంది, మధ్యలో ఆపి విదిలించుకుంటాడు. నేను స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మ్యాట్ జారలేదు. కాలు మొద్దుబారింది. ముందే తెలుసు. గేరు న్యూట్రల్ చెయ్యలేదు. మ్యాట్ మంచిది.

యాదగిరి టేపు మెడలోంచి తీసి చుట్టచుట్టి బల్ల మీద పెట్టాడు. "నేనే అన్న కద సార్, సార్ తప్పు లేదని. మా అమ్మతోటి గూడ నేనే అన్న" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు అది కోపం కంటే కష్టంగా ఉంది.

మిషన్ ఆగింది. సుగుణ సూది కింద నుంచి గుడ్డ తియ్యకుండానే మాట్లాడింది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నరు సార్? నా మ్యాట్ మంచిదని నాకు ఎరుకే. కొనేటప్పుడు కాలుతోటి తొక్కి తొక్కి చూసిన. గుడి కాడ అందరి ముంగట అన్నరు కద. అందరి ముంగటనే చెప్పుండ్రి."

"చెబుతానమ్మా. ఎక్కడ చెప్పమంటే అక్కడ."

"వచ్చే ఆదివారం మా ఆడబిడ్డ బిడ్డకు చీర కట్టిస్తున్నరు, మీర్‌పేట్ల. గా రోజు వచ్చినోళ్లందరు వస్తరు. అక్కను తోల్కొని రాండ్రి."

ఆ వారం రోజులూ నేను ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. ఫంక్షన్ హాల్లో నర్సమ్మ మొదటి బంతిలో కూర్చుని ఉంది. అటూ ఇటూ చుట్టాలు. కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆమె ఆకు ఎదురుగా నిలబడి, షాపులో చెప్పినవే, అదే వరసలో చెప్పాను. పక్క బల్ల వాళ్లు కూడా తినడం ఆపారు. వడ్డించే అతను సాంబారు బకెట్‌తో నిలబడిపోయాడు.

నర్సమ్మ ముద్ద నమిలి మింగి, మంచినీళ్లు తాగి, అప్పుడు తలెత్తింది.

"గింత సదువు సదివినోడివి. కాలు మొద్దువడ్డదని చెప్పనీకి ఏడు నెల్లు వట్టిందా సారూ?"

"పట్టిందమ్మా. తప్పయింది."

"నా కొడుకు చెయ్యి పాయె. కోడలు నోటికి తాళం వడె. కారు కవర్ కింద మురుగుతున్నది. నీ కాలు మంచిగైంది."

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె ఎడమచేత్తో పక్కనున్న మనిషిని జరగమని, ఖాళీ అయిన కుర్చీ వైపు చూపించి, దూరంగా వడ్డనలో ఉన్న సుగుణను పేరు పెట్టి పిలిచింది. "ఇగ రా. బుక్కెడు తిను." క్షమించమని కోడలిని అడగలేదు. తన ఆకులోని బూరె తీసి ఆమె ఆకులో వేసింది. సుగుణ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పద్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

ఇప్పుడు నా ఆరోగ్యం చాలావరకు బాగుంది. చలికాలంలో వేళ్లు కాస్త మొద్దుగా ఉంటాయి. మెడ పూర్తిగా వెనక్కి తిరగదు, అద్దాలు పెద్దవి పెట్టించాను. దూర ప్రయాణాలు నడపను. ఆర్నెల్లకోసారి రివ్యూకు వెళ్తాను, కళ్లు మూసుకుని వేలు సంగతి చెబుతాను, ప్రతిసారీ కళ్లు తెరవగానే ముందు డాక్టరమ్మ మొహం చూస్తాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. చెప్పు జారిన సంగతి తెలియకపోయినా, కళ్లు మూసుకుంటే ఒళ్లు తూలినా, గుండీలు పెట్టలేకపోయినా, నొప్పి లేదని ఊరుకోకండి. ఆ రోజే ఇంట్లో ఒక మనిషికి చెప్పండి. డాక్టర్ చూసేదాకా తాళాలు ఆ మనిషి దగ్గరే ఉంచండి.

ఫంక్షన్ అయిన మర్నాడు యాదగిరి కారు మీది కవర్ తీయించాను. ఏడు నెలలు కదలక బ్యాటరీ చచ్చిపోయింది, ఒక టైరులో గాలి లేదు. రెండు రోజులు నేనే కూర్చుని దాన్ని దారిలో పెట్టాను. నేర్చుకోమంటే యాదగిరి మణికట్టు చూపించి, గేరు వేస్తుంటే లాగుతుందన్నాడు. "మరి నేను నేర్చుకుంట" అంది సుగుణ. డాక్టర్ ఒప్పుకున్నాక, వాళ్లిద్దరి అనుమతితో, ఆదివారం పొద్దున్నే మీర్‌పేట్ ప్లాట్లలో మొదలుపెట్టాం. నేను పక్క సీట్లో. అరవను. ఆమె ఇంజిన్ ఆపేసినప్పుడల్లా మళ్లీ స్టార్ట్ చెయ్యమంటాను. క్లచ్ పట్టుకునే చోటు ఆమె కాలికి మూడో వారంలో దొరికింది. దొరికిన క్షణం ఆమె మొహంలో కనిపించింది. నేను ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయాను.

లైసెన్సు వచ్చింది. పోయిన ఆదివారం ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఈ చివర నుంచి ఆ చివరకు ఆమే నడిపింది. ముందు ఆమె పక్కన నేను, వెనక సీట్లో యాదగిరి, నర్సమ్మ. దిగేదాకా నర్సమ్మ ముందు సీటు గట్టిగా పట్టుకునే ఉంది. దిగాక చీర సర్దుకుని, నా వైపు చూసి, కోడలితో అంది.

"సారు కంటె నువ్వే నయం."